ఓబీ గుట్టల మీద నీలగిరి వద్దు, ముందు వెంపలికి చోటివ్వండి

వానలు మొదలయ్యాయంటే బొగ్గుబాయిల ఏరియాల నుంచి ఒకే రకం ఫొటోలు వస్తాయి. పెద్ద సార్లు గుంతలో మొక్క పెట్టి నీళ్లు పోస్తుంటారు, వెనకాల బ్యానర్ ఉంటుంది. మొన్నటిదాకా హరితహారం, ఇప్పుడు వన మహోత్సవం, పేరు మారింది గానీ ఫొటో మారలేదు. సింగరేణి నాటిన మొక్కల లెక్క కోట్లలో ఉంది, నాటలేదని నేను అనట్లేదు, నాటారు. నేను అడిగేది ఒకటే, బొగ్గు కోసం తవ్వి పోసిన ఆ ఓబీ గుట్టల మీద ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా, కంచె లేకుండా తమంతట తామే మొలిచి బతికిన మొక్కలున్నాయి కదా, వాటిని ఎందుకు ఎవరూ లెక్కలోకి తీసుకోరు? నేలని మళ్లీ నేలగా చేసే పని అవే చేస్తున్నాయి, మనం వాటిని సాఫు చేసి వాటి జాగాలో నీలగిరి, సుబాబుల్ పెట్టి పచ్చదనం అంటున్నాం. ఇది ఆపాలి. నా అభిప్రాయం ఇదే, దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

సింగరేణి కథ చదివేవాళ్లకి కొత్త కాదు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడడం, 1920లో కంపెనీ, భూగర్భ బాయిలు, డెబ్భైల మధ్యలో నేలని పైనుంచే తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ (ఓసీ) రావడం, ఇప్పుడు ఏడాదికి 7 కోట్ల టన్నుల దగ్గరకి చేరిన ఉత్పత్తిలో పెద్ద వాటా ఓసీలదే కావడం, ఇవన్నీ తెలిసినవే. కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి, రామగుండం, శ్రీరాంపూర్, భూపాలపల్లి, ఎటు పోయినా రోడ్డు మీదకి కనిపించే గుట్టలు దేవుడు పెట్టినవి కావు, డంపర్లు పోసినవి. ఒక టన్ను బొగ్గు తియ్యాలంటే నాలుగైదు క్యూబిక్ మీటర్లకి పైనే మట్టి, రాయి పక్కకి పోయాలి. ఆ పోసిందాన్నే ఓవర్‌బర్డెన్ అంటారు, కార్మికులు ఓబీ అంటారు, ఊరోళ్లు మట్టి గుట్ట అంటారు.

ఐతే అది మట్టి కాదు, ఇక్కడే అసలు విషయం ఉంది. మట్టి అంటే పైన ఉండే ఆ జానెడు మూరెడు పొర, అందులో పురుగూ బూజూ వేర్లూ కుళ్లిన ఆకూ ఉంటాయి. ఓబీ అంటే వంద మీటర్లో రెండు వందల మీటర్లో కింద ఉన్న ఇసుకరాయి, పొరలు పొరలుగా ఉండే షేల్ రాయి, బ్లాస్టింగ్‌లో పగిలి తలకిందులుగా పైకొచ్చినవి. అందులో మొక్కకి పనికొచ్చే నైట్రోజన్ దాదాపు ఉండదు, భాస్వరం చాలా తక్కువ, సేంద్రియం అంటే ఏదైనా ఉంటే అది బొగ్గు పొడి, అది మొక్కకి తిండి కాదు. నీళ్లు పోస్తే నిలవవు, రాళ్ల సందుల్లోంచి కిందికి జారిపోతాయి, మళ్లీ డంపర్లు తిరిగిన చోట తారురోడ్డు లెక్క గట్టిపడి నీళ్లు లోపలికే దిగవు. మే నెలలో రామగుండం, కొత్తగూడెంలో గాలి వేడి 45 డిగ్రీలు దాటడం మామూలే, నల్లటి షేల్ రాయి మీద చెయ్యి పెడితే అంతకంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అప్పుడే మొలకెత్తిన మొలక కాండం నేలకి ఆనిన చోటే కమిలిపోతుంది. అంటే మొక్కకి తిండి లేదు, నీళ్లు లేవు, నీడ లేదు, వేరు దిగడానికి చోటు లేదు.

ఇట్లాంటి చోటకి మొదట ఎవరొస్తారు? గాలికి ఎగిరొచ్చేవాళ్లు. జిల్లేడు దూది, గడ్డి చామంతి, రెల్లు. గింజ ఎంత తేలికో వీటికి అంత దూరం ప్రయాణం. జిల్లేడు మీద ఉండే ఆ తెల్లటి మైనం పొడి, లేత ఆకు మీది నూగు ఊరికే లేవు, ఎండని వెనక్కి కొడతాయి, ఆకులోంచి నీళ్లు పోకుండా ఆపుతాయి, పాలు ఉండడం వల్ల పశువులు ముట్టవు, వేరేమో లోతుకి సూటిగా దిగిపోతుంది. రెల్లుది ఇంకో పద్ధతి. పైన కనిపించే దుబ్బు సగమే, కింద దుంపవేర్లు అడ్డంగా పాకుతూ పోతాయి, పైనంతా ఎండాకాలం కాలిపోయినా తొలకరికి మళ్లీ కణుపు నుంచి లేస్తుంది. రెల్లు, గరిక, బోదగడ్డి లాంటివి ఆకులోపల కార్బన్ డయాక్సైడ్‌ని ముందు ఒక చోట పోగుచేసి తర్వాత వాడుకునే రకం గడ్డులు, సైన్సులో సీ4 అంటారు. దానివల్ల ఆకు రంధ్రాలు పూర్తిగా తెరవాల్సిన పనుండదు, తక్కినవాటితో పోలిస్తే అదే నీళ్లతో దాదాపు రెట్టింపు పెరుగుదల వస్తుంది. ఓబీ గుట్ట పక్కన వాన కోసిన గండ్లు చూడండి, గండి ఎక్కడ ఆగిందో అక్కడ కచ్చితంగా ఒక రెల్లు దుబ్బు ఉంటుంది. పైనుంచి కొట్టుకొచ్చిన సన్నటి ఒండ్రు దాని వెనకాల గుప్పెడు గుప్పెడుగా పోగై ఉంటుంది. ఆ గుట్ట మొత్తమ్మీద మట్టి అని పిలవదగ్గది ఏదైనా ఉందంటే మొదట ఆ గుప్పెడే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది వెంపలి. మన రైతులకి దీన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు, పచ్చిరొట్ట కింద పొలంలో తొక్కించే మొక్కే. మోకాలెత్తు, ఊదారంగు పూలు, చిన్న చిన్న కాయలు, ఎవరూ పట్టించుకోని మొక్క. వానలు బాగా పడ్డాక ఆగస్టులో గుట్ట మీద ఒక లేత వెంపలి మొక్కని వేరు తెగకుండా మెల్లగా పెకిలించి చూడండి. వేరుకి ఆవగింజంత, పెసరగింజంత బుడిపెలు అంటుకుని ఉంటాయి. ఒకదాన్ని గోరుతో గిల్లితే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌కి చుట్టం వరసయ్యే పదార్థం అది. లోపల ఉన్న రైజోబియం బ్యాక్టీరియా పని చెయ్యాలంటే ఆక్సిజన్ ఎక్కువైనా ఇబ్బందే తక్కువైనా ఇబ్బందే, ఆ ఎర్రటి పదార్థం దాన్ని సరిగ్గా కావాల్సినంతే అందిస్తుంది. ఎరుపు ఉందంటే బుడిపె పని చేస్తోందని అర్థం, గాలిలో ఉన్న నైట్రోజన్‌ని పట్టి మొక్కకిస్తోందని అర్థం. అసలు నైట్రోజనే లేని రాతి గుట్ట మీద ఇదొక ఎరువుల కార్ఖానా, పైగా కరెంటు బిల్లు లేదు. మొక్క చచ్చాక ఆకు, వేరు అన్నీ అక్కడే కుళ్లి ఆ నైట్రోజన్ నేలకి చేరుతుంది. దీని గింజకి ఇంకో తెలివి ఉంది, పెంకు గట్టిది, అన్నీ ఒకే వానకి మొలవవు, ఈ ఏడు కొన్ని, వచ్చే ఏడు కొన్ని. తొలకరి పడి తర్వాత నెల రోజులు వాన మొహం చాటేసే మన దగ్గర ఇంతకంటే మంచి ఇన్సూరెన్స్ ఇంకేముంది.

ఇంగ్లండ్‌లో ఆంథొనీ బ్రాడ్‌షా అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు, తవ్వి వదిలేసిన నేలల మీదే జీవితమంతా పని చేశాడు. ఆయన చెప్పిన ఒక లెక్క ప్రతి మైనింగ్ ఆఫీసులో గోడకి రాసిపెట్టాలి. ఒక చోట చెట్టూ చేమా ఎవరి సాయం లేకుండా నిలబడాలంటే హెక్టారుకి సుమారు 1000 కిలోల నైట్రోజన్ నేలలో నిల్వ ఉండాలి అన్నాడు. బస్తా యూరియా చల్లితే రెండు వానల్లో కొట్టుకుపోతుంది, ఆ నిల్వ ఏర్పడాలంటే ఏళ్ల తరబడి చిన్న చిన్న మొక్కలు పుట్టి చచ్చి పుట్టి చావాల్సిందే. నీలగిరి ఆ పని చెయ్యదు. దానికి బుడిపెలు లేవు, ఆకు తొందరగా కుళ్లదు, కింద ఇంకో మొక్కని సరిగా ఎదగనియ్యదు. మరి దాన్నే ఎందుకు పెడతారంటే మేక తినదు, నిటారుగా తొందరగా పెరుగుతుంది, డ్రోన్ ఫొటోలో, శాటిలైట్ ఫొటోలో పచ్చగా కనిపిస్తుంది. కింద చూస్తే పదేళ్ల తోటలో కూడా రాయి రాయిలానే ఉంటుంది.

ఇదే బ్రాడ్‌షా 1952లో ఇంకొకటి బయటపెట్టాడు. వేల్స్‌లో పాత సీసం గని చెత్త మీద మామూలు పచ్చికబయళ్ల గడ్డే పెరుగుతోంది, పేరు అగ్రోస్టిస్. అదే గడ్డిని పక్క బీడు నుంచి తెచ్చి అక్కడ నాటితే చచ్చిపోయింది. రెండూ ఒకే జాతి, ఐనా గని మీదిది విషానికి తట్టుకునే రకంగా మారిపోయింది. మామూలు బీట్లో వేల గింజల్లో ఒకటో రెండో అట్లాంటి గింజ ముందే ఉంటుంది, గని నేల తక్కినవన్నీ చంపేసి దాన్నొక్కదాన్నే మిగులుస్తుంది, దాని పిల్లలే ఆ నేలంతా అల్లుకుంటాయి. పరిణామం అంటే లక్షల ఏళ్లు పడుతుందని స్కూల్లో చదువుకున్నాం గానీ గని చెత్త మీద అది మనిషి ఒక జీవితకాలంలో చూడగలిగేంత తొందరగా జరిగింది. తర్వాత ఆ గడ్డి గింజల్నే పెంచి, అవి దొరికిన గనుల పేర్లే పెట్టి, బ్రిటన్‌లో గని నేలలు పచ్చబరచడానికి అమ్మారు. మన గుట్టల్లో సీసం కథ లేదు, మన బొగ్గు గోండ్వానా బొగ్గు, గంధకం ఒక శాతం లోపే, అందుకే మేఘాలయ జైంతియా కొండల్లో లాగా వాగులు ఆమ్లమైపోయి చేపలు చచ్చే పరిస్థితి మనకి అంతగా రాలేదు, అది మన అదృష్టం. కానీ బ్రాడ్‌షా నేర్పిన పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. ఏ జాతి మొక్క అన్నది ఎంత ముఖ్యమో గింజ ఎక్కడ పుట్టింది అన్నదీ అంతే ముఖ్యం. నర్సరీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు, రోజూ నీళ్లు, షేడ్‌నెట్ నీడ, ఇట్లా పెంచిన మొక్కని తెచ్చి రాతి గుట్ట మీద పెడితే అది బతకాలని మనం ఏ ధైర్యంతో అనుకుంటున్నాం? గుట్ట మీదే పుట్టి, అక్కడే మూడు నాలుగు ఎండాకాలాలు చూసిన మొక్క గింజ పక్కనే ఉంటే దాన్ని ఏరేవాడు లేడు.

కంటికి కనపడని ఇంకో పార్టీ కూడా ఉంది, వేరుబూజు. వేరుకి అంటుకుని సన్నటి దారాల్లా నేలలోకి పాకే శిలీంధ్రం, మొక్క వేరు పోలేని రాయి సందుల్లోకి పోయి భాస్వరం, నీళ్లు తెచ్చిస్తుంది, బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. పెన్సిల్వేనియాలో ఆంత్రసైట్ బొగ్గు గనుల నల్లటి చెత్త మీద ఏ మొక్కలు బతుకుతున్నాయి, ఎందుకు బతుకుతున్నాయి అని ష్రామ్ అనే ఆయన ఏళ్ల తరబడి చూసి 1966లో రాశాడు. అక్కడ గట్టిగా నిలబడ్డవి రెండే రకాలు, ఒకటి నైట్రోజన్ పట్టేవి, రెండోది వేరుబూజు ఉన్న పైన్, బర్చ్ లాంటి చెట్లు. బూజు అందని మొలకలు పచ్చబడక పసుపెక్కి కుంగిపోయాయి. మన దగ్గర ఈ బూజు ఎక్కడుంటుంది? ఓపెన్‌కాస్ట్ మొదలుపెట్టేటప్పుడు ముందు గీకి తీసే పైమట్టిలో ఉంటుంది. పర్యావరణ అనుమతుల్లో ఆ పైమట్టిని విడిగా దాచి మళ్లీ వాడాలని షరతు ఉంటుంది. దాచడం అంటే మన దగ్గర ఎత్తుగా కుప్ప పోసి వదిలేయడం ఐపోయింది, అట్లా ఏళ్లకేళ్లు కుప్పగా పడుంటే లోపల గాలి ఆడక గింజలు చస్తాయి, బూజు చస్తుంది, చివరికి మిగిలేది ప్రాణం పోయిన మట్టి. ఆస్ట్రేలియా పడమటి వైపు జర్రా అడవుల్లో బాక్సైట్ తవ్వినచోట ఒక పక్క గీకిన మట్టిని కుప్ప పోయకుండా నేరుగా ఇంకో పక్క తవ్వడం ఐపోయిన నేల మీద పరుస్తారు, అందులో ఉన్న గింజలే మొలిచి అడవి జాతులు ఎక్కువ తిరిగొస్తున్నాయి. ఇది రాకెట్ సైన్స్ కాదు, లారీ ట్రిప్పుల ప్లానింగ్ అంతే.

ఇక మొదటి వరస మొక్కలు నిలబడ్డాక జరిగేది చూడాలి, అక్కడ నాకు ఒళ్లు పులకరిస్తుంది. జిల్లేడు, తంగేడు కింద కాస్త నీడ పడుతుంది. తంగేడు చిక్కుడు జాతి చుట్టమే ఐనా దానికి నైట్రోజన్ బుడిపెలు ఉండవు, కానీ పశువులు నోరు పెట్టవు కాబట్టి నిలబడుతుంది, లోతు వేరు దించుతుంది, ఆకు రాలుస్తుంది. ఆ నీడలో నేల కాస్త చల్లబడుతుంది, తేమ ఇంకొంచెం ఎక్కువ నిలుస్తుంది. కొమ్మ మీద పిట్ట వాలుతుంది, రెట్టలో వేప గింజో రేగు గింజో పడుతుంది. మేకల మంద ఎక్కితే పెంటికల్లో తుమ్మ గింజలు వస్తాయి, మేక కడుపులో నానడంతో పెంకు మెత్తబడి అవి తొందరగా మొలుస్తాయి కూడా. అంటే గుట్ట మీద ప్రతి పొద చుట్టూ ఒక చిన్న నేల తయారౌతుంది, అట్లాంటి చిన్న నేలలు ఒకదానికొకటి తగులుకుంటూ పోతాయి. మన సింగ్రౌలీ బొగ్గుగనుల్లోనే బనారస్ హిందూ యూనివర్సిటీ జే.ఎస్.సింగ్ గారి బృందం వేరు వేరు వయసులున్న ఓబీ గుట్టలు పక్క పక్కన పెట్టి చూసింది, వయసు పెరిగేకొద్దీ తమంతట తాము వచ్చిన మొక్కల సముదాయం ఎట్లా మారుతుందో 1991లోనే రాసింది. చెక్ దేశంలో మోస్ట్, సొకొలోవ్ అనే చోట్ల బ్రౌన్‌కోల్ (గోధుమరంగు బొగ్గు, లిగ్నైట్) గుట్టల మీద కారెల్ ప్రాఖ్ లాంటివాళ్లు దశాబ్దాల పాటు చూసి చెప్పింది ఇంకా గట్టి మాట. చదును చేసి, మట్టి తెచ్చి పోసి, వరసల్లో చెట్లు పెట్టిన నేలల కంటే ఏమీ చెయ్యకుండా వదిలేసిన నేలల్లోనే చాలాచోట్ల అరుదైన మొక్కలు, పురుగులు, పిట్టలు ఎక్కువ ఉన్నాయి, పైగా ఖర్చు లేదు. జర్మనీలో వానింకెన్ దగ్గర వదిలేసిన లిగ్నైట్ గని ప్రాంతాన్ని ఒక ఫౌండేషన్ కొని ప్రకృతికి వదిలేస్తే ఇప్పుడక్కడ కొంగల జాతి పక్షులు వేల సంఖ్యలో దిగుతున్నాయి. మన దేశంలోనూ లేదని కాదు, ఝరియా బొగ్గుగనుల్లో ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సీ.ఆర్.బాబు మార్గదర్శనంలో అక్కడి ప్రభుత్వ బొగ్గు కంపెనీ బీసీసీఎల్ కొన్ని గుట్టల మీద ముందు దేశవాళీ గడ్డి, తర్వాత పొదలు, తర్వాత చెట్లు అన్న వరసలో చేసి చూపించింది. దారి ఉంది, నడిచినవాళ్లూ ఉన్నారు.

ఎదుటి వాదన కూడా చెప్పాలి. అడవి మొక్కలకి వదిలేస్తే చాలా కాలం పడుతుంది, ఈలోపు దుమ్ము ఊళ్ల మీద పడుతుంది, గుట్ట జారుతుంది, పైగా వచ్చేవి సర్కారు తుమ్మ, వయ్యారిభామ, లాంటానా లాంటి పరాయి దరిద్రాలే అంటారు. ఇందులో సగం నిజం ఉంది. గుట్ట లోతుగా జారడాన్ని ఏ మొక్క వేరూ ఆపలేదు, 2016 డిసెంబర్‌లో జార్ఖండ్ లాల్‌మటియాలో డంప్ జారి 23 మంది చనిపోయారు, అది వాలు, ఎత్తు, నీటి కాల్వల ఇంజినీరింగ్ సంగతి, మొక్కలతో కప్పిపుచ్చే సంగతి కాదు. సర్కారు తుమ్మ సంగతీ ఒప్పుకుంటా. అది 1877లో మన కడప జిల్లా కమలాపురంలోనే జమైకా గింజలతో మొదలై దేశమంతా పాకింది, దాని జాతి చెట్టు వేరు అమెరికా అరిజోనాలో ఒక ఓపెన్ గనిలో 53 మీటర్ల లోతున దొరికింది, ఇంక దానితో పోటీ ఎవడు పడతాడు. కానీ దానికి మందు నీలగిరి కాదు. దేశవాళీ గింజ ముందే చల్లి ఉంటే, గడ్డి ముందే కమ్ముకుని ఉంటే తుమ్మకి ఖాళీ జాగా దొరకదు. ఖాళీ వదిలి, గింజ చల్లకుండా, తర్వాత తుమ్మొచ్చింది చూశారా అంటే ఆ నేరం తుమ్మది కాదు.

అసలు నేను ఇంతగా ఎందుకు పట్టుకున్నానంటే ఇది మొక్కల విషయం ఒక్కటే కాదు. ఓపెన్‌కాస్ట్ కింద పోయిన వేల ఎకరాల్లో పట్టా పొలాలకి నష్టపరిహారం లెక్క ఉంది, అటవీ భూమికి బదులు అడవి పెంచే లెక్క ఉంది, ఊరు లేస్తే పునరావాసం ప్యాకేజీ ఉంది. లెక్కలో లేనిది ఒకటే, బంచరాయి. ఊరందరి పశువులు మేసిన బీడు, గుట్ట కింద గడ్డి, వాగు ఒడ్డు, చీపుర్ల రెల్లు, మోదుగాకు, రేగుపళ్లు, వంటచెరుకు. దానికి పట్టా లేదు కాబట్టి పరిహారం లేదు, గొర్లకాపరికి ఏ కాగితమూ లేదు కాబట్టి ఏ మీటింగ్‌లోనూ కుర్చీ లేదు. ఓసీలు వచ్చిన ఊళ్లల్లో గొర్లు అమ్మేసుకుని కాంట్రాక్టు డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు ఐనవాళ్లని ఎవరిని అడిగినా చెప్తారు, పోయింది పొలం ఒక్కటే కాదని. నీలగిరి తోట పెట్టి గేటేసి బోర్డు పెట్టిన గుట్టలో ఆ మనిషికి ఏముంది? గడ్డి లేదు, జీవాలని తోలుకపోతే కేసు. అదే రెల్లు, బోదగడ్డి, వెంపలి, తంగేడు, రేగు, మోదుగ ఉన్న గుట్టైతే ఐదారేళ్లు కాపాడి తర్వాత పద్ధతి ప్రకారం మేపుకోవచ్చు, చీపుర్లు కోసుకోవచ్చు, విస్తరాకులు కుట్టుకోవచ్చు, బతుకమ్మకి పువ్వైనా దొరుకుతుంది. తంగేడుని రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, ఆ రాష్ట్రంలోనే ఆ పొదని పీకి ఆస్ట్రేలియా చెట్టు నీలగిరి పెట్టడం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు.

ఇది నా ఒక్కడి గొంతెమ్మ కోరిక కాదు, దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పిన మాట. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా ఆదేశించింది, గని లీజు ఉన్నవాళ్లు తవ్వకం ఐపోయాక ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచాలి, మేతకి, మొక్కలకి, జంతువులకి పనికొచ్చే స్థితికి తేవాలి, ఆ షరతుని లీజుల్లో, పర్యావరణ అనుమతుల్లో, మైనింగ్ ప్లాన్లలో చేర్చాలి అని. గడ్డి అని చెప్పింది కోర్టు. మైన్ క్లోజర్ (గని మూసివేత) మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి, దానికోసమే విడిగా పెట్టే ఎస్క్రో అకౌంట్‌లో డబ్బు కట్టే ఏర్పాటు ఉంది, అంటే పైసలు లేవనే మాట కూడా కుదరదు. లేనిది కొలిచే పద్ధతి. ఎన్ని మొక్కలు నాటాం అని కొలుస్తాం గానీ పదేళ్లకి పైన ఎంత మట్టి తయారైంది, అందులో నైట్రోజన్ ఎంత, సేంద్రియ కర్బనం ఎంత, తమంతట తాము మొలిచిన జాతులు ఎన్ని, ఎన్ని జీవాలు మేయగలవు అని ఎవరూ కొలవరు. ఈ ఐదూ కొలిస్తే ఏ గుట్ట బతికిందో ఏది రంగేసుకుని నిలబడిందో ఒక్క సీజన్‌లో తేలిపోతుంది. దీనికి పెద్ద కన్సల్టెన్సీలు అక్కర్లేదు, కాకతీయ యూనివర్సిటీ బోటనీ పిల్లలకి, ఆ ఊళ్ల డిగ్రీ కాలేజీల పిల్లలకి ప్రాజెక్టుగా ఇస్తే సంతోషంగా చేస్తారు.

నీళ్లు నిండిన పాత క్వారీల సంగతి కూడా ఇదే తీరు. అంచున జమ్ము తనంతట తానే మొలిచి ఉంటుంది. ఒక జమ్ము మొక్కని బురదలోంచి లాగి వేరు కడిగి చూస్తే నారింజ రంగు పొర కనిపిస్తుంది, అది తుప్పు. గాలి ఆడని బురదలో వేరు బతకడానికి ఆకు నుంచి గొట్టంలాంటి కణజాలం గుండా ఆక్సిజన్ కిందికి పంపుతుంది, కొంత బయటికి కారుతుంది, ఆ కారిన ఆక్సిజన్ తగిలి నీళ్లల్లో కరిగున్న ఇనుము తుప్పుగా మారి వేరు మీదే పేరుకుంటుంది. వేరు లోపలికి పోవాల్సిన అదనపు ఇనుము బయటే ఆగిపోతుంది, నీళ్లూ కొంత శుభ్రపడతాయి. దాన్ని సుందరీకరణ పేరుతో పీకేసి చుట్టూ టైల్స్ పరిచి బోటింగ్ పెడదామనే ప్రతిపాదన ఎక్కడైనా వస్తే ఆ ఊరోళ్లు గట్టిగా అడ్డం నిలబడాలి.

ఏం చెయ్యాలో కూడా చెప్పి ఆపుతా. కొత్తగా పోసే ప్రతి ఓబీ గుట్టలో కనీసం కొంత భాగం ఏమీ నాటకుండా, వాలు సరిచేసి, దేశవాళీ గింజ చల్లి వదిలెయ్యాలి, పక్కనే మామూలు పద్ధతిలో తోట పెట్టుకోండి, పదేళ్ల తర్వాత రెండూ కొలుద్దాం. గీకిన పైమట్టి కుప్ప పొయ్యకుండా అదే సీజన్‌లో పరచాలి. గింజలు బయట నుంచి కొనొద్దు, పాత గుట్టల మీదే ఏరాలి, ఆ పని ఓసీ కింద భూములు పోయిన ఊళ్ల మహిళా సంఘాలకి, గొర్లకాపర్ల సొసైటీలకి కిలో లెక్కన ఇవ్వాలి. వెంపలి కాయ వానాకాలం పోయాక చలికాలంలో ఎండుతుంది, పగిలి రాలకముందే కొయ్యాలి, తంగేడు కాయ దాని వెనకే వస్తుంది, రెల్లు గింజ ఐతే దసరా అటూ ఇటూ పూత తెల్లబడి గాలికి లేచేలోపే పట్టాలి. అంటే టెండర్ జూన్‌లో పిలిస్తే లాభం లేదు, గింజ ఏరే ఆర్డరు సెప్టెంబర్‌లోనే చేతికి రావాలి.